వాద్యముల పేర్లు ఎవరి సొత్తు?

ఒక వాద్యమునకు పేరు పెట్టు నధికార మెవరిది? దానిని చెక్కిన పనివానిదా, దానిపై వ్రేళ్లరగదీసికొన్న వాదకునిదా, దానిని విని తలయూచిన లోకమునదా, లేక ఆ పేరును రిజిస్ట్రారు కచేరీలో వ్రాయించి, రుసుము చెల్లించి, రసీదు పుచ్చుకొన్నవానిదా? ఈ ప్రశ్న పైకి పండితుల కాలక్షేపమువలె దోచును. కాని వర్తకప్రపంచము నాలుగవ సమాధానమునే గట్టిగా పట్టుకొని యున్నది. చట్టములును కొంతవఱకు దానికి తోడ్పడుచున్నవి. ఆకివీడు మొదలు ఏలూరు, తాడేపల్లిగూడెముల దాక గల యీ కొల్లేటి సీమలో సన్నాయి పలుకని పెండ్లిని, హార్మణి పలుకని పద్యనాటకమును ఎవరెఱుగుదురు? కావున ఇది మన కక్కఱలేని విషయమని పఠనమందిరములలోని మిత్రులు పుట త్రిప్పివేయరాదు.

హార్మణితోనే మొదలుపెట్టుదము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఈ మండలమున ఎన్ని రాత్రులను తెల్లవాఱజేసినవో లెక్క లేదు. ఆ జంటలో నొకరగు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో జన్మించినది మన యండగండిలోనే గదా! పద్యమెత్తుకొన్న కృష్ణునకు శ్రుతి నందించునదియు, రాగము సాగదీసి యలసిన దుర్యోధనునకు ఊపిరి తీసికొన నెడమిచ్చునదియు హార్మణియే. ఆ పేరు మన తెలుగుపేరే యని నమ్మిన పెద్దలను మే మెఱుగుదుము. నమ్ముటలో వింత లేదు, అంతగా అది మనదైనది.

కాని దాని పుట్టుక వేఱు. 1842లో పారిసు నగరమున అలెగ్జాండ్ర్ దెబేన్ అను పనివాడు, తిత్తిగాలిచే లోహపు నాలుకలను పలికించు పెట్టెయొకదానికి పేటెంటు పొంది, దానికి హార్మోనియమని పేరిడి, ఆ పేరును తనకే దక్కించుకొనెను. అట్టి పెట్టెలు అంతకుముందు లేవా? మూడు దశాబ్దములకు ముందే ఆ దేశమున గ్రెనియే యనువాడు నాలుకలతో పలుకు వాద్యమును చేసి చూపియే యుండెను. అయినను పేరు దెబేనుది. తోడి పనివారు అదే జాతి పెట్టెను, అదే నాదము నిచ్చు పెట్టెను చేయవచ్చును గాని ఆ పేరున అమ్మరాదు. అందుచే అలెగ్జాండ్ర్ వారు తమదానిని మెలోడియమనిరి. మఱికొందఱు ప్రాతపేరునే పట్టుకొని ఆర్గనుకు విశేషణములు తగిలించుకొనిరి. ఒకే వాద్యమునకు అన్ని పేళ్లు పుట్టుటకు సంగీతశాస్త్రములో హేతువేదియు లేదు. హేతువు కచేరీ కాగితములో నున్నది.

పేటెంటు గడువు తీఱినది. 1877లో దెబేను గతించెను. ఆ శతాబ్దపు చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు కాలితో త్రొక్కు ఆ బరువుపెట్టెను, నేలపై కూర్చుండి యొకచేత ఊది యొకచేత వాయించునట్లుగా కుదించెను. మన నాటకసమాజముల వారు దానిని తెచ్చుకొని, పలుకుటకు వీలుగా హార్మణి చేసికొనిరి. పల్లెలో దానిని వట్టి పెట్టె యనియే పిలిచిరి. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియోవారు ఈ వాద్యమును వెలివేసిరి. 1971 దాక ఆ వెలి సడలలేదు. ముప్పదియేండ్లు ప్రభుత్వపు నాదపీఠమున తావు లేకున్నను, రంగస్థలమున దాని పేరు మాయలేదు. పారిసులో ఒకనికి సొంతమైన మాట మన రైతు నోటబడి వంకరపోయిన నాడే దానికి విడుదల గలిగినది. అపభ్రంశమని పండితులు ముక్కు విఱుచుకొనవచ్చును గాక, హార్మణి యను నా వంకరమాటపై హక్కు గోరి ఏ ఫ్రెంచివాడు గాని మన ఊరికి రాలేడు.

ఇది ప్రాతకథ యని తోసివేయువారి కొఱకు కొన్ని క్రొత్తకథలు చెప్పుదుము. అమెరికాలో లీడీ కంపెనీవారు 1920 తరువాత లోహపుపలకలను, తిరుగు బిళ్లలను జేర్చి వైబ్రాఫోను అను వాద్యమును చేసిరి. ఆ పేరు వారిది. 1927లో షికాగోలోని డీగన్ వారు దానిని ఇంకను మెఱుగుపఱచిరి. నేటికిని నిలిచిన రూపము చాలవఱకు డీగన్ వారిదే. కాని వారు దానిని వైబ్రాఫోను అనరాదు, వైబ్రాహార్పు అనవలెను! వాద్యకారులు ఈ గోల పడలేక రెంటిని గొట్టివేసి వైబ్సు అని యూరకుండిరి. అట్లే 1928లో లాస్ ఏంజెలిసులో స్లొవాకియానుండి వలసవచ్చిన దోప్యెరా సోదరులు, లోహపు శంకువును పొట్టలో దాల్చిన గిటారునకు తమ యింటిపేరు కలిసివచ్చునట్లు డోబ్రో యని పేరిడిరి. వారి మాతృభాషలో ఆ మాటకు మంచిదని యర్థము. దశాబ్దములపాటు జానపద గాయకులు ఎవరు చేసిన యట్టి గిటారునైనను డోబ్రో యనియే పిలిచిరి. 1993లో ఆ పేరు గిబ్సన్ కంపెనీ పరమైనది. నాటినుండి ఇతర పనివారు తమ సరకును రెసొనేటరు గిటారని వ్రాసికొనవలసివచ్చినది. పేరు మాత్రము చేతులు మాఱినది, గిటారు మాఱలేదు, వాయించువాడు మాఱలేదు.

వీనికంటె హృదయవిదారకమైనది రాబర్టు మోగ్ గారి కథ. విద్యుత్తుచే స్వరములను సృష్టించు యంత్రమును సంగీతజ్ఞుల చేతి కందించిన మహాశిల్పి యాయన. మన తెలుగున మ్రోగుట యను క్రియకును ఆయన యింటిపేరునకును గల పోలిక కాకతాళీయమే యైనను ముచ్చటైనది. 1971లో అప్పుల ఒత్తిడిచే కంపెనీ పరుల చేత బడెను, దానితో పేరును బోయెను. 1977లో ఆయన దానిని విడిచి వేఱొకచోట కర్మశాల పెట్టుకొనెను. కాని తాను చేసిన వాద్యముపై తన తండ్రి యిచ్చిన పేరు వ్రాసికొను నధికార మాయనకు లేదు! బిగ్ బ్రయర్ అను పేరున సరకు నమ్ముకొనెను. లోకమున ప్రతివాడును ఆ నాదమును మోగ్ అనియే పిలుచుచుండగా, ఆ పేరుగలవాడు మాత్రమే అట్లు పిలుచుకొనరాదు. 2002లో గాని ఆ పేరు ఆయనకు తిరిగి దక్కలేదు. 2005లో ఆయన కన్నుమూసెను. 2023లో ఆ కంపెనీ మరల నింకొకరి పరమయ్యెను. సొమ్మొకనిది సోకొకనిది యని మనవా రూరక అనలేదు.

ఇచ్చట ప్రతిపక్షపు మాటయు వినవలెను. వ్యాపారచిహ్నము లేకున్నచో దొంగసరకు ప్రబలును, కొనువాడు మోసపోవును, మంచిపనివాని కీర్తి నంగడిలో ఎవడు బడితే వాడు దోచుకొనును అని వారందురు. నిజము. తాను చేసినదానిపై తన ముద్ర వేసికొనుట పనివాని జన్మహక్కు. ఫిడేలు పొట్టలో చీటీ అంటించుకొను నాచారము ఇటలీలో శతాబ్దములనుండి యున్నది. దానిని మేము కాదనము. మేము కాదనున దొక్కటియే: పనివాని పేరు పనివానికిని, జాతి పేరు జాతికిని చెందవలెను. ఈ రెంటి నడుమ గట్టును దున్నివేసినవాడే దోషి. గ్రామఫోను అను మాటపై ఏకైకహక్కు కోరినవారితో 1910లో ఇంగ్లండునందలి న్యాయస్థానమే, అది ఒకరి ముద్ర కాదు, వస్తువు పేరైపోయినది పొమ్మనెను. మన దేశపు 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టముకూడ వాడుకభాషలో స్థిరపడిన మాటను ఒకరి సొత్తుగా నమోదు చేయరాదనియే చెప్పుచున్నది. గట్టు చట్టములో నున్నది, కాచువారే తక్కువ.

ఇక మన పందిళ్లకు వత్తము. ఈ దినములలో బ్యాండుమేళపు కుఱ్ఱవాని నడుగుడు, నీవు వాయించున దేమిరా అబ్బాయీ యని. క్యాసియో యనును. దానిపై వ్రాసియున్న కంపెనీ పేరు మఱియొకటి యైనను క్యాసియోయే! వాని ప్రక్కవాడు రెండు కఱ్ఱలతో పలకలను బాదుచు దానిని ఆక్టోప్యాడు అనును. మొదటిది 1980లో మీటల వాద్యములను అమ్మ మొదలిడిన జపాను కంపెనీ పేరు. రెండవది 1985లో రోలాండ్ అను మఱియొక జపాను కంపెనీ తన ఎనిమిది పలకల యంత్రమునకు పెట్టుకొన్న పేరు. దేవాలయపు టుత్సవమునను, క్రైస్తవుల ప్రార్థనమందిరమునను, పీర్ల పండుగనాటి యూరేగింపునను తెలుగువాడు నోరార ఈ కంపెనీలకు ఉచితముగా చాటింపు వేయుచున్నాడు. ఆ కంపెనీలకు ఇది ఒకవంక లాభము, మఱియొకవంక భయము. మాట మఱీ వాడుకయైనచో దానిపై ప్రత్యేకహక్కు జాఱిపోవు ప్రమాద మున్నది గదా! హార్మణి పోయిన దారినే ఆక్టోప్యాడును పోవచ్చును. మన కుఱ్ఱవాడు తెలియకయే పారిసు కథను మరల నడపుచున్నాడు.

వీనికి తెలుగుపేళ్లు కల్పింపుడని మేము పండితులను వేడుకొనుట లేదు. వాయులీనమని ఎంతకాలము వ్రాసినను ఫిడేలు ఫిడేలుగనే యున్నది. కాని యొక విశేషమును చూడుడు. 1979లో బెంగుళూరు నందు రాజ్ నారాయణ్ గారు విద్యుత్తుతో పలుకు తంబురను నిర్మించిరి. వారి రేడెల్ సంస్థ రాగిణి యనియు తాళమాల యనియు అందమైన పేళ్లతో యంత్రముల నమ్మినది. మనవారు కొనిరి, మెచ్చిరి, కాని నిత్యవ్యవహారమున దానిని శ్రుతిపెట్టె యనియే పిలుచుకొనిరి. తిత్తితో ఊదు ప్రాత శ్రుతిపెట్టె పేరు వారసత్వముగా దీనికి సంక్రమించినది. ముందుగనే మనకొక మాట యున్నచోట వర్తకుని మాట పీట వేసికొనలేదు, లేనిచోట వేసికొనెను. అట్లే పాలకొల్లు బిడ్డడు ఉప్పలపు శ్రీనివాసు, 1969లో పుట్టి 2014లో అకాలమృత్యువు పాలైన ఆ బాలమేధావి, జంటతంత్రుల మాండొలినును విద్యుత్తునకు దెచ్చి, ఐదు ఒంటితంత్రులకు కుదిర్చి, కర్ణాటక సంగీతమంతయు దానిపై పలికించెను. అంత మార్చినవాడు క్రొత్తపేరు పెట్టియుండవచ్చును. పెట్టలేదు. మాండొలిను మాండొలినుగనే యుండెను, పేరు వాయించినవానికి వచ్చినది.

ఇప్పుడు అసలు విషయము, వీణ. 1600 నుండి 1634 వఱకు తంజావూ రేలిన రఘునాథనాయకుడు తెలుగు కవి, సంగీతవేత్త. ఇరువదినాలుగు మెట్లను మైనముపై కదలకుండ నిలిపిన నేటి వీణ ఆయన యాస్థానమున రూపుగొన్నదని సంప్రదాయము. రాజు పేరు దాని కంటుకొనలేదు. ఊరి పేరు అంటుకొన్నది. 2013లో తంజావూరు వీణ భౌగోళిక సూచికగా నమోదయినది. 2022లో తమిళదేశపు నరసింగంపేట నాదస్వరమునకు, 2024లో మహారాష్ట్రమందలి మిరజు సితారునకును తంబురకును అట్టి గౌరవమే లభించినది. మన బొబ్బిలి వీణయు ఆ పట్టికలో నున్నది. 1757 యుద్ధముతోబాటు వీణయు బొబ్బిలి పేరును దేశమంతట మోసినది. ఆ చెంతనున్న గొల్లపల్లి శిల్పులు పనసకొయ్యను తొలిచి ఒకే మ్రానున కుండను, దండిని, యాళిముఖమును తీర్చుట నేటికిని చూడదగిన వింత.

ఈ భౌగోళిక సూచిక యనునది వ్యాపారచిహ్నము వంటిది కాదని పాఠకులు మొదట గ్రహింపవలెను. 1999లో చట్టమై, 2003 సెప్టెంబరు 15న అమలునకు వచ్చిన యీ శాసనము ప్రకారము ఇట్టి పేరు ఒక వ్యక్తి యాస్తి కాదు. దానిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, ఒకరికి వ్రాసి యీయరాదు. దానిని వ్యాపారచిహ్నముగా మార్చుకొనరాదు. మోగ్ గారికి పట్టిన దుర్గతి ఈ చట్టము క్రింద ఒక యూరికి పట్టదు. ఇంతవఱకు దీనిని మేము మనసార మెచ్చుకొందుము. పసుపునకు, బాసుమతి బియ్యమునకు అమెరికాలో పేటెంట్లు పుట్టిన దినములను మఱచినవారు తప్ప ఎవరు మెచ్చుకొనరు?

కాని ఇల్లలుకగనే పండుగ కాదు. చెన్నపట్టణమందలి ఆ రిజిస్టరునకు రెండు భాగములు గలవు. మొదటి భాగమున పేరును, దాని స్వామిని వ్రాయుదురు. ఆ స్వామి పనివారి సంఘమైనను గావచ్చును, చట్టముచే నేర్పడిన యే యధికారసంస్థ యైనను గావచ్చును. రెండవ భాగమున, ఆ పేరును వాడుకొను నధికారము గల యుత్పత్తిదారులను ఒక్కొక్కరినిగా వ్రాయుదురు. పత్రికలలో ఛాయాచిత్రములు పడునది మొదటి భాగమునకు. పనివానికి కూడు పెట్టునది రెండవ భాగము. మొదటి దానిలో ఊరి పేరు మిక్కిలి దివ్యముగా వెలుగుచు, రెండవదానిలో ఉలి పట్టువాని పేరు లేకున్నచో ఆ పేరువలన వాని కొరిగిన దేమి? నమోదు పదియేండ్లకే; పిదప రుసుము చెల్లించి క్రొత్తచేసికొనవలెను. ఆ పదియవయేట జ్ఞాపకముంచుకొను గుమాస్తా ఎవరు?

మన జిల్లాలోనే దీనికి పోలిక చూపవచ్చును. నరసాపురపు కుట్టులేసునకు 2024లో ఈ సూచిక వచ్చినది. ఆ లేసు అల్లునట్టి యిల్లాండ్ర బ్రదుకును గూర్చి 1982లోనే మరియా మీస్ అను జర్మను విదుషి ఒక గ్రంథము వ్రాసి, వారి శ్రమ ఇంటి తీరికపనిగా లెక్కకురాక దళారుల లాభముగా మాఱు విధమును లోకమునకు తెలిపెను. పేరు నమోదైనంతనే ఆ దళారి అరుగు దిగి వెడలిపోవునా? వాడు మొదట చదువునది ఆ చట్టమునే.

మఱి నూజివీడు మాట ఏమి? కృష్ణాజిల్లానుండి 2022లో ఏలూరు జిల్లాకు జేర్చబడిన యీ జమీందారీ పట్టణమును లోకము మామిడిరసములకై యెఱుగును. అచ్చటి పనివారి చేతిలో పనసకొయ్య తరతరములుగా వీణ యగుచున్న సంగతి వైణికు లెఱుగుదురు. కొనువాడు మాత్రము అంగడికి వచ్చి బొబ్బిలి వీణ యున్నదా యని యడుగును. పూర్వ మట్టివానికి నూజివీడు వీణనే బొబ్బిలిదని చేతబెట్టి పంపివేసినను అడుగువాడు లేడు. ఇప్పు డది నేరము. తప్పుడు సూచికతో సరకు నమ్మినవానికి ఆఱు నెలలకు తగ్గకుండ మూడేండ్లవఱకు కారాగారమును, ఏబదివేలనుండి రెండు లక్షల రూపాయలవఱకు జుల్మానాయు 1999 నాటి శాసనము విధించినది. మంచిదే, బొబ్బిలి శిల్పి సొమ్ము బొబ్బిలి శిల్పికే చెందవలెను. కాని భయపడిన వర్తకుడు చేయు పని యేది? నూజివీడు వీణ యని పలకపై వ్రాయునా? వ్రాయడు. ఆ పేరు కొనువాని చెవికి పడలేదు గనుక లాభము లేదు. వట్టి సరస్వతీవీణ యనును, లేదా తన దుకాణపు పేరును దండిపై చెక్కించును. అప్పుడు నూజివీడు పనివాడు అన్యుని పేరునుండి తప్పించుకొని అనామకుడగును. పరుల పేరున బ్రతుకుట అవమానమే. పేరే లేక బ్రతుకుట అంతకంటె మేలా?

వాదకు లిందులో నిర్దోషులని మే మనజాలము. కచేరీ పత్రికలలో మృదంగమెవరు, ఘటమెవరు, తంబుర మీటిన శిష్యురా లెవరు అని వ్రాయుదురు; వీణ ఎచ్చట పుట్టినది, ఎవరు చెక్కినది అని వ్రాయగా మేము చూచుట బహు తక్కువ. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు ఆంధ్రవైణిక ఫణితిని దేశదేశములందు నిలిపిరి. ఆ ఫణితిని మెచ్చిన సభలలో ఎందఱు ఆ వాద్యపు కొయ్యను, దాని మైనపుమెట్లను తీర్చిన చేతులను తలచిరి? పాశ్చాత్యులను ప్రతి చిన్నదానికిని అనుకరించు మనము, ఫిడేలు మాటవచ్చినపుడు క్రెమోనా శిల్పుల పేళ్లు వల్లించు మనము, ఏలూరు రైలెక్కి ఒక్కపూటలో చేరదగిన యూరి శిల్పి పేరెఱుగము.

కావున మేము కోరునవి ఇవి. భౌగోళిక సూచికకు దరఖాస్తు పెట్టునపుడెల్ల, ఏ వాద్యమునకైనను, దాని స్వామిత్వము చెక్కువారి సంఘమునకే యుండవలెను. శాఖాధికారులు సాక్షులుగా నుండవచ్చును గాని సొంతదారులుగా నుండరాదు. రెండవ భాగమున ప్రతి యుత్పత్తిదారుని పేరును చేర్చు బాధ్యతయు, దానికగు రుసుమును ప్రభుత్వమే వహింపవలెను. అరలక్ష విలువ చేయని కర్మశాలవాని నెత్తిన న్యాయవాది రుసుము మోపుట న్యాయము గాదు. సంగీతసభలవారు తమ యాహ్వానపత్రములలో వాద్యము పుట్టిన యూరిని, చెక్కినవాని పేరును అచ్చువేయవలెను. దీనికి చట్టము నవసరము లేదు, ఒక పంక్తి సిరా చాలును. హార్మణి బాగుచేయు వృద్ధుడు మన పట్టణములలో ఎచ్చట నున్నను, నాటకసమాజములవారు వాని పేరును తెరవెనుకనుండి తెరముందునకు దేవలెను.

ఆ రిజిస్టరు రెండు భాగములును అందఱును చూడదగినవే, అంతర్జాలమున తెఱచియే యున్నవి. ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెము పఠనమందిరముల కార్యదర్శులు బొబ్బిలి వీణ, నరసాపురపు లేసు పుటలను తెఱచి, రెండవ భాగమున నున్న పేళ్లెన్నో లెక్కించి, ఆ సంఖ్యను గోడపై వ్రాసి యుంచవలెనని మా ప్రార్థన.